కంపెనీ చేతులు మారింది, బండి మారిందా? ఆరేళ్లు పక్కపక్కన పెట్టి చూసిన 1:18 డైకాస్ట్ మోడళ్ల సమీక్ష

డైకాస్ట్ అంటే కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసే మోడల్ కార్లు, 1:18 అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు సైజు. ఇలాంటివి చేసే ఒక కంపెనీని ఇంకొకరు కొన్నారని తెలిస్తే చాలు, కలెక్టర్లలో కంగారు మొదలవుతుంది. "ఇక ఆ క్వాలిటీ రాదు" అంటూ పాత స్టాకు మీద పడతారు, అమ్మేవాళ్లు ధర పెంచేస్తారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి తిరుపతి, చిత్తూరు కలెక్టర్లం కొందరం ఒకే కంపెనీ బండ్లు ఎనిమిది తీసుకున్నాం. నాలుగు చేతులు మారకముందువి, నాలుగు అవే అచ్చుల్లోంచి తర్వాత వచ్చినవి. ఆరేళ్లుగా అన్నీ ఒకే అద్దాల బీరువాలో ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేవి ఏ కంపెనీ బండి కొనేటప్పుడైనా చూసుకోవాల్సినవే.

ముందే చెప్పేస్తాం: కొత్త బండ్లలో తలుపులు, టైర్లు బాగుపడ్డాయి. లోహం తగ్గింది, రంగు మందమైంది. పాతదానికి రెట్టింపు ధర పెట్టేంత తేడా మాత్రం లేదు.

కొన్నవాళ్ల చేతికి పేరు వస్తుంది, అచ్చులు వస్తాయి. లైసెన్సు, అంటే అసలు కారు కంపెనీ తన కారు మోడల్ చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, రావాలని లేదు. బురాగో సంగతే చూడండి. ఇటలీలో 1:18 బండ్లకు అంత పేరు తెచ్చుకున్న కంపెనీ. 1999లో ఫెరారీ లైసెన్సు అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్‌కు వెళ్లిపోయింది. 2005లో బురాగో దివాలా తీస్తే, మైస్టో బ్రాండు యజమాని అయిన హాంకాంగ్ మే చియాంగ్ గ్రూపు కొనుక్కుంది. ఫెరారీ మళ్లీ బురాగో పెట్టెలోకి వచ్చింది 2015లో. బ్రాండు కొత్త యజమాని చేతిలో ఉన్నా, అన్నేళ్లూ ఫెరారీ లేకుండానే నడిచింది. అందుకే కొనుగోలు వార్త రాగానే మనం అడగాల్సిన ప్రశ్న "ఎవరు కొన్నారు" కాదు, "ఏ కారు కంపెనీల లైసెన్సులు మిగిలాయి" అని. లైసెన్సు పోయిన కారు పాతది దొరికితే ధర ఎక్కువైనా ఆలోచించవచ్చు. లైసెన్సు ఉన్నదానికి తొందర అనవసరం.

ఎందుకంటే అచ్చు అంత త్వరగా అరగదు. ఈ బండ్లు పోసే జమాక్ మిశ్రమం (జింకు, దాదాపు 4 శాతం అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం) 400 డిగ్రీల లోపే కరుగుతుంది. ఆ వేడికి ఉక్కు అచ్చు లక్షల పోతలు తట్టుకుంటుంది. కాబట్టి డబ్బులు పోసి చేయించిన అచ్చును కొన్నవాడు ఊరికే మూలన పడేయడు. మ్యాచ్‌బాక్స్ చిన్న కార్లు చేసిన బ్రిటన్ కంపెనీ లెస్నీ 1982లో మూతపడ్డాక, ఆ బ్రాండు యూనివర్సల్ అనే బొమ్మల కంపెనీ చేతికి, 1992లో టైకో అనే ఇంకో కంపెనీకి, 1997లో మాటెల్‌కు వెళ్లింది. బండ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మన దేశంలోనూ బ్రిటన్ బొమ్మ కార్ల బ్రాండు డింకీ పాత అచ్చులు కలకత్తా చేరి నిక్కీ టాయ్స్ పేరుతో బండ్లయ్యాయి.

ఇక బీరువాలోని ఎనిమిదింటి సంగతి.

బండిని బోర్లా తిప్పండి. అసలు తేడా అక్కడే ఉంది. పాతవాటి అడుగు పలక లోహం, కొత్తవాటిది నల్ల ప్లాస్టిక్. వంటింటి కాటా మీద ఒకే కారు పాతది 810 గ్రాములు, కొత్తది 735. కొందరు షాపులో అయస్కాంతం పెట్టి చూస్తారు, అది దండగ. జింకు మిశ్రమానికి అయస్కాంతం అంటుకోదు. వేలి గోటితో కొట్టి చూడండి, ప్లాస్టిక్ మొద్దుగా మోగుతుంది. అరచేతికి తగిలే చల్లదనంలోనే లోహం తెలిసిపోతుంది.

తలుపులు తెరవండి. పాతవాటికి కుక్క కాలులా వంగిన పెద్ద బందులు, తలుపు తీస్తే డ్యాష్‌బోర్డు పక్కన వికారంగా కనపడతాయి. ఆరేళ్లలో నాలుగింట్లో రెండింటి తలుపులు కిందికి జారాయి. కొత్తవాటికి చిన్న బందులు పెట్టారు, ఇప్పటికీ గీత కలుస్తుంది. ఈ మార్పు నిజంగా మెచ్చుకోవాలి.

జారిన తలుపును సరిచేయడానికి విప్పాలి. అడుగున నాలుగు నుంచి ఆరు స్టార్ స్క్రూలుంటాయి, ఒకటి రెండు సైలెన్సర్ వెనక దాగి ఉంటాయి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూను ముందు ఎడమకు మెల్లగా తిప్పండి. "టిక్" మని చిన్నగా పడుతుంది, అంటే పాత గాడి దొరికింది. అప్పుడు కుడికి తిప్పి, ఆగిన చోటే ఆపేయాలి. నేరుగా కుడికి తిప్పితే ప్లాస్టిక్ గొట్టంలో కొత్త గాడి కోసుకుంటుంది. రెండోసారికి గొట్టం నిలువునా చీలుతుంది.

రంగు దగ్గర కొత్తవి వెనకబడ్డాయి. పూత మందంగా ఉండి తలుపు గీతలు, బానెట్ మీది అక్షరాలు పూడుకుపోయాయి. ఒకదానికి నాలుగో ఏడు వెనక డిక్కీ మీద ఆవగింజంత బొబ్బలు లేచాయి. పోత మీది నూనె సరిగ్గా కడగకుండా రంగేస్తే, దానికి తేమ తోడైతే ఇలా జరుగుతుంది. పెట్టెలో ఫోము ఒత్తుకున్న చోట మొదట లేస్తాయి. కొన్న రోజే ఆ ఫోము, పలచటి ప్లాస్టిక్ కాగితం తీసేయండి. బొబ్బ లేచాక గిల్లినా పాలిష్ పెట్టినా లాభం లేదు.

లోహమే పగిలే జబ్బు వేరు. సీసం కలిసిన జింకు లోపల్నుంచి తెగి, ఉబ్బి, పొడి అవుతుంది. 1930ల డింకీల్లో ఎక్కువ. దానికి మందు లేదు. మా ఎనిమిదింట్లో ఒక్కదానికీ రాలేదు.

మన ఊళ్ల వాతావరణం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మేలో 40 దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. పడమటి గోడకు బీరువా పెట్టొద్దు. నవంబరులో బీరువాలో తేమ 80 శాతం దాటుతోంది. మూడడుగుల బీరువాకు 250 గ్రాముల నీలం సిలికా జెల్ పెడితే 50 దగ్గర నిలిచింది. గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. పురుగులు రాకుండా నాఫ్తలిన్ గోళీలు వేసే అలవాటు ఉంటే ఇక్కడ మానేయాలి, ఆ ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

అద్దాల షాపులో కొత్త బీరువా చేయిస్తే అద్దాలు అతికించే సిలికాన్ వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఎసిటిక్ రకం, ఆ ఆమ్లం జింకును తింటుంది. న్యూట్రల్ రకం వేయమని అడగండి. అప్పటికే వేసేసి ఉంటే వాసన పూర్తిగా పోయేదాకా తలుపు తెరిచి, ఖాళీగా ఉంచండి. కొత్త ప్లైవుడ్‌కూ ఇదే జాగ్రత్త.

టైర్లలో కొత్తవి గెలిచాయి. పాతవాటి మెత్తటి టైర్లు జిడ్డు కక్కి, కింది పారదర్శక స్టాండుకు అతుక్కుని నాలుగు గుంటలు చేశాయి. ఇరుసుల కింద చిన్న దిమ్మ పెట్టి టైరును ఒక మిల్లీమీటరు పైకి లేపితే ఆ బాధ ఉండదు.

ధర పెరిగినందుకు కొత్త యజమానిని తిట్టేముందు సుంకం లెక్క చూడండి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. చాలా మోడళ్ల పెట్టె మీద "14+" అని ఎందుకుంటుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

ఇక్కడి షాపుల్లో 1:18 అరుదు. చెన్నై వెళ్తే చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, లేదంటే కొరియరే. కొరియర్ అయితే డబ్బు కట్టేముందు మూడు ఫొటోలు అడగండి: అడుగు పలక, తెరిచిన తలుపు బందు, పక్కవాటు వెలుతురులో డిక్కీ. అడుగు ఫొటో ఇవ్వనివాడి దగ్గర మేం కొనడం మానేశాం.