రోమన్ల మూడు ఖజానాలు: ప్రజల సొమ్ముకు ఏది మేలు?

గణరాజ్య కాలం నుంచి ఉన్న శాటర్న్ ఆలయ ఖజానా, క్రీ.శ. 6లో రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ నెలకొల్పిన సైనిక ఖజానా, చక్రవర్తి మనుషుల చేతిలో క్రమంగా పెరిగిన 'ఫిస్కస్' అనే బొక్కసం, ఈ మూడూ మొదటి శతాబ్దపు రోమ్‌లో పక్కపక్కనే నడిచాయి. వీటిలో ఏది మేలో తేల్చేటప్పుడు నేను ప్రధానంగా చూసేది ఒకటే: సొమ్ము తీయాలనుకున్నవాడిని ఆపి లెక్క అడగగల మనిషి అక్కడ ఉన్నాడా?

శాటర్న్ ఖజానా కాపిటోలిన్ కొండ దిగువన, ఫోరం అంచున ఉండేది. నగదుతో పాటు శాసనాల ప్రతులు, సెనేట్ తీర్మానాలు, సేనల పతాకాలు కూడా అక్కడే భద్రపరిచేవారు. ఖర్చును నిర్ణయించేది పెద్దల సభ అయిన సెనేట్, సొమ్మును కాపాడేది క్వేస్టర్లనే కోశాధికారులు. ఈ రెండు అధికారాలను వేరుగా ఉంచడమే ఆ ఏర్పాటుకు బలం. అయితే క్వేస్టర్ పదవి రాజకీయ జీవితంలో తొలిమెట్టు, గడువు ఒక్క ఏడాది. పద్దుల పని తెలియని యువకులు వచ్చి పోతూ ఉంటే, ఏళ్ల తరబడి పాతుకుపోయిన గుమాస్తాలే అసలు యజమానులుగా చెలామణి అయ్యేవారు.

క్రీ.పూ. 64లో క్వేస్టర్ అయిన చిన్న కేటో ఈ పరిస్థితిని సరిదిద్దిన తీరును జీవిత చరిత్రకారుడు ప్లూటార్క్ వివరంగా రాశాడు. పదవిలోకి రాకముందే ఆయన ఖజానా చట్టాలను చదివాడు. వచ్చాక అక్రమాలకు పాల్పడిన గుమాస్తాలను తొలగించాడు. నియంత సుల్లా కాలంలో మనుషులను చంపి ఖజానా నుంచి బహుమానం పుచ్చుకున్నవారి చేత ఆ సొమ్మును కక్కించాడు. పదవీకాలపు చివరి రోజున, ఆయన ఇంటికి చేరాక, సహచరుడు మార్సెల్లస్‌ను మిత్రులు చుట్టుముట్టి, చెల్లని చెల్లింపు ఒకటి పద్దులో రాయమని ఒత్తిడి చేస్తున్నారని కబురు వచ్చింది. కేటో వెనక్కి వచ్చి, పలకలు తెప్పించుకొని, మార్సెల్లస్ చూస్తూ ఉండగానే ఆ పద్దును చెరిపేశాడు. ఇంత చక్కని ఉదాహరణలోనూ నాకు కనిపించే లోపం ఏమిటంటే, ఆ ఒక్క మనిషి వెళ్లిపోయాక అదే పని చేయడానికి మరొకరిని నిలబెట్టే ఏర్పాటు లేదు.

అదే ఖజానాలో అత్యవసరానికి దాచిన నిధి ఒకటి ఉండేది. బానిసల విముక్తిపై క్రీ.పూ. 357లో విధించిన 5 శాతం పన్ను దానికి ఆధారం. కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతున్న క్రీ.పూ. 209లో, సెనేట్ నిర్ణయం మేరకు అందులోంచి సుమారు 4,000 పౌండ్ల బంగారం తీశారు. క్రీ.పూ. 49లో అంతర్యుద్ధంలో సేనాని సీజర్ సైన్యంతో వచ్చినప్పుడు మాత్రం, ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) మెటెల్లస్ అడ్డుపడినా, చంపుతానని బెదిరించి తలుపులు పగలగొట్టించాడు. కాబట్టి అడ్డు చెప్పే అధికారి ఉండటం అవసరమే గాని, ఎదుట సైన్యం ఉన్నప్పుడు అది ఒక్కటే చాలదు.

ఫిస్కస్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అనుభవజ్ఞులైన సిబ్బంది, వేగంగా జరిగే చెల్లింపులు దాని సుగుణాలు. కాని చక్రవర్తి క్లాడియస్ హయాంలో లెక్కలు చూసిన పల్లస్ ఒక విముక్త బానిస. ఆయన జవాబుదారీ చక్రవర్తికే తప్ప సెనేట్‌కు కాదు. అంతకుముందే క్రీ.శ. 32లో, పతనమైన అంగరక్షక దళాధిపతి సెజానస్ ఆస్తిని శాటర్న్ ఖజానా నుంచి ఫిస్కస్‌కు మార్చినప్పుడు, 'దాని వల్ల ఏదో తేడా ఉన్నట్టు!' అని చరిత్రకారుడు టాసిటస్ ఎత్తిపొడిచాడు. ఈ కారణంగా నా వరుసలో దీనిది చివరి స్థానం.

సైనిక ఖజానాను నేను ముందు నిలుపుతాను. అంతకుముందు సైనికులు విరమించినప్పుడల్లా భూముల కోసం గొడవ మొదలయ్యేది, క్రీ.పూ. 41లో ఇటలీలోని పట్టణాల రైతుల పొలాలను లాక్కొని మాజీ సైనికులకు పంచిపెట్టారు. అగస్టస్ తన సొంత సొమ్ము 17 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) మూలధనంగా వేసి, వారసత్వాలపై 5 శాతం, వేలంలో అమ్మిన సరుకుపై 1 శాతం పన్నును దీనికి కేటాయించాడు. దగ్గరి బంధువులకు, పేదలకు వారసత్వపు పన్ను నుంచి మినహాయింపు ఇచ్చారు. సేవ ముగించిన లీజియన్ (రోమన్ సైన్యపు ప్రధాన దళం) సైనికుడికి రావలసినది 12,000 సెస్టర్సులు. ఏ పన్ను ఏ ఖర్చుకు పోతుందో పన్ను కట్టేవాడికీ, సొమ్ము అందుకునేవాడికీ ముందే తెలిసేది. నిర్వహణకు మాజీ ప్రీటర్లు (క్వేస్టర్ కంటే పై స్థాయి అధికారులు) ముగ్గురిని చీటీ వేసి మూడేళ్లకు నియమించేవారు. కేటో వంటి అనుభవం, క్వేస్టర్‌కు దొరకని వ్యవధి రెండూ వీరికి ఉండేవి.

క్రీ.శ. 13లో సెనేటర్లు వారసత్వపు పన్నును వ్యతిరేకించినప్పుడు, దాని బదులు పొలాలపై, ఇళ్లపై పన్ను వేద్దామని అగస్టస్ కదిపితే, వారు పాత పన్నుకే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది డాన్యూబ్ తీరపు రాష్ట్రం పనోనియాలో సైనికులు తిరగబడ్డారు. సైన్య సేవ నుంచి విడుదల ఆలస్యమవుతోందన్నది వారి ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. ఆ తర్వాత 1 శాతం పన్నును ఎత్తివేయమని ప్రజలు కోరితే, సైనిక ఖజానా దాని మీదే నిలబడి ఉందని అగస్టస్ తరువాతి చక్రవర్తి టైబీరియస్ తేల్చి చెప్పాడు. అంటే కేటాయించిన రాబడి అవసరానికి బొటాబొటీగా ఉండేది. చీటీ పద్ధతి కూడా తరువాత పోయి, నియామకం చక్రవర్తి చేతికి వెళ్లింది.

శాటర్న్ ఖజానాకు అనుభవజ్ఞులైన మాజీ ప్రీటర్లను అధిపతులుగా నియమించాలన్న సంస్కరణ క్రీ.శ. 56లో చక్రవర్తి నీరో కాలంలో వచ్చింది. కేటో కాలంలోనే అది వచ్చి ఉంటే నేను ఆ ఖజానాకే మొదటి స్థానం ఇచ్చేవాణ్ని. కాని 56 నాటికి రాష్ట్రాల రాబడిలో పెద్ద భాగం చక్రవర్తి అధికారుల అదుపులోకి వెళ్లిపోయింది.