ఉద్యోగి నమ్మకాలకు రక్షణ: బ్రిటన్ చట్టం మేలా, అమెరికా చట్టం మేలా?

మతం పేరుతో ఉద్యోగం ఊడగొట్టకూడదని రెండు దేశాల చట్టాలూ చెబుతాయి. దేవుడి ప్రసక్తి లేకుండానే, ఒక నీతిని ప్రాణంగా పట్టుకుని బతికే ఉద్యోగి దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం మతంతోపాటు తాత్విక విశ్వాసాన్నీ, అసలు ఏ విశ్వాసమూ లేకపోవడాన్నీ కాపాడుతుంది. అలాగని నోటికొచ్చిన ప్రతి అభిప్రాయానికీ ఆ గొడుగు పట్టదు. అంతకు ముందే, 2009లో, వాతావరణ మార్పుపై గట్టి నమ్మకమున్న ఒక ఉద్యోగి కేసులో, ఉద్యోగ వివాదాలను విచారించే అప్పీల్ ట్రిబ్యునల్ కొన్ని షరతులు పెట్టింది. నమ్మకం నిజాయతీగా ఉండాలి. ఇవాళ్టి సమాచారాన్ని బట్టి ఏర్పడిన ఒట్టి అభిప్రాయం కాకూడదు. జీవితంలో బరువైన విషయానికి సంబంధించినదై, పొందికగా ఉండాలి. ప్రజాస్వామ్య సమాజంలో గౌరవించదగినదై ఉండాలి, ఇతరుల హక్కులను కాలరాయకూడదు. ఈ షరతుల ముందు 2019లో శాకాహారం నిలవలేదు. మనుషులు శాకాహారులు కావడానికి రకరకాల కారణాలుంటాయని ట్రిబ్యునల్ అంది. 2020 జనవరిలో నైతిక వీగనిజం, అంటే తిండిలోనే కాక జీవితమంతటా జంతువులను వాడుకోకూడదన్న నమ్మకం, నెగ్గింది. ఆ కేసులోని ఉద్యోగికి పింఛను సొమ్ము ఏ కంపెనీల్లోకి వెళ్తోందన్నది కూడా విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నే.

అమెరికాలో ఆధారం 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం. కనీసం 15 మంది ఉద్యోగులున్న సంస్థలకే అది వర్తిస్తుంది. మనిషి జీవితంలో మతానికి ఉండే స్థానాన్ని ఆక్రమించిన నైతిక విశ్వాసాలకు అక్కడా చోటుంది. రాజకీయ, సామాజిక అభిప్రాయాలకు మాత్రం లేదు.

అయితే అమెరికా చట్టానికి ఒక పెద్ద బలముంది. ప్రార్థన వేళ, సెలవు, దుస్తుల విషయంలో యాజమాన్యమే వెసులుబాటు కల్పించాలి. 1977 తీర్పు కాస్త ఖర్చయినా కాదనే వీలిచ్చి ఆ బాధ్యతను నీరుగార్చింది. ఆదివారం పని చేయనన్న తపాలా ఉద్యోగి కేసులో 2023లో సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది: తన వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యజమానే చూపించాలి. బ్రిటన్‌లో ఇలాంటి నేరుగా పడే బాధ్యత లేదు. అక్కడి ఉద్యోగి పరోక్ష వివక్ష కింద, అంటే పైకి అందరికీ ఒకేలా కనిపించే నియమం తనలాంటి నమ్మకం ఉన్నవారిని తక్కినవారి కంటే ఎక్కువ నష్టపరుస్తోందని, ముందు చూపాలి. తగిన కారణముంటే యజమాని దాన్ని సమర్థించుకోవచ్చు.

కాబట్టి మీ విశ్వాసం ఫలానా రోజు సెలవు, ఫలానా వస్త్రం కోరేదైతే అమెరికా చట్టమే ఎక్కువ ఆదుకుంటుంది. అయినా రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు బ్రిటన్‌కే. మతాన్ని పోలి ఉంటేనే మనస్సాక్షికి విలువ అనడం అన్యాయం. ఏ నమ్మకం గౌరవించదగినదో న్యాయమూర్తులు తేల్చడం ప్రమాదం కాదా అన్న ప్రశ్న బలమైనదే. దానికి బ్రిటన్ అప్పీల్ ట్రిబ్యునల్ 2021 నాటి తీర్పు చాలావరకు జవాబిచ్చింది: నాజీయిజం, నియంతృత్వం, తీవ్రమైన హింసా ద్వేషాల వంటివి తప్ప, ఇతరులను నొప్పించే నమ్మకాలను కూడా గౌరవించదగినవి కావన్న షరతు పేరుతో బయటికి నెట్టకూడదని చెప్పింది. అయితే నమ్మకం కలిగి ఉండడం వేరు, దాన్ని అడ్డుపెట్టుకుని సహోద్యోగిని వేధించడం వేరు. రెండోదానికి ఆ తీర్పు అనుమతి ఇవ్వలేదు.