గాలి రూట్లో బైక్ ట్రిప్: రోడ్లు, బసలు, అద్దె బండి

మైదానం హైవే, ఘాట్, సముద్రం పక్క రోడ్డు, మూడూ ఒకే ట్రిప్పులో తగిలాయి. గాలికి ఘాటే కష్టమనుకుంటారు గానీ, నా లెక్కలో మైదానంలో చెట్ల వరస తెగిపోయే చోట్లే ఎక్కువ ఇబ్బంది. గాలి ఒక పక్క నుంచి నిలకడగా వీస్తే బండిని కాస్త అటు వాల్చి నడుపుతాం, కాసేపటికి అలవాటైపోతుంది. టెన్షనల్లా ఉన్నట్టుండి తోసే గాలితోనూ, అంతకంటే ఎక్కువగా ఠక్కున ఆగిపోయే గాలితోనూ.

లారీని దాటేటప్పుడు చూడండి. గాలి లారీ అవతలి నుంచి వీస్తుంటే మన బండి అటే వాలి ఉంటుంది. లారీ చాటుకి రాగానే గాలి ఆగుతుంది, వాలు మాత్రం పోదు, దాంతో బండి లారీ వైపే లాగుతుంది; దాని ముందు భాగం దాటామో లేదో మళ్లీ గాలి కొట్టి ఇటు తోసేస్తుంది. అందుకే పక్కన బాగా ఖాళీ ఉంటే తప్ప దాటలేదు. గాలి వచ్చే వైపు హ్యాండిల్‌ని కొంచెం ముందుకు నొక్కితే బండి అటు వాలుతుంది. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని చేతులు వదులుగా ఉంచాలి, బిగిస్తే ఒంటికి తగిలిన ప్రతి తోపూ హ్యాండిల్‌కి చేరుతుంది. గాలి వేగం 30 కి.మీ. నుంచి 60కి పెరిగితే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు!

అద్దె బండికి పెద్ద విండ్‌షీల్డ్, టాప్ బాక్స్ ఉన్నాయి. ఎదురుగాలికి షీల్డ్ హాయే, కానీ హ్యాండిల్‌కి బిగించే రకం కాబట్టి పక్కగాలికి నేరుగా స్టీరింగే కదులుతుంది. టాప్ బాక్స్ ఎత్తుగా, వెనక ఇరుసుకి కూడా వెనక ఉంటుంది, బరువు నింపితే ముందు చక్రం తేలికైపోతుంది. దాని బదులు సైడ్ బ్యాగులు అడిగితే అద్దెకిచ్చినాయన విసుక్కోకుండా మార్చి ఇచ్చారు, ఆ సర్వీసుకి పూర్తి మార్కులు.

సముద్రం ఒడ్డు గెస్ట్‌హౌస్‌లో వ్యూ అద్భుతం, పార్కింగ్ మాత్రం బట్టబయలు. వాచ్‌మన్ బండికి కవర్ కప్పమన్నాడు, వద్దన్నాను, ఆ గాలికి కవరు తెరచాపలా ఉబ్బి బండినే పడేస్తుంది. స్టాండు ఎడమ పక్క కాబట్టి గాలి కుడి నుంచి తగిలేలా తిప్పి, ఫస్ట్ గేర్లో వదిలాను. ఘాట్ మీది లాడ్జిలో గదులు సాదాసీదా, అయినా మూడు పక్కలా గోడ ఉన్న ఆవరణ ఇచ్చారు, నా ఓటు దానికే. పైగా అక్కడ తెల్లవారకముందే గేటు తీస్తారు. గెస్ట్‌హౌస్‌లో అడిగి అడిగి తీయించుకునేసరికి ఎండెక్కి సముద్రపు గాలి మొదలైపోయింది.