కొలరాడో కొండల్లో చలికాలం: రెండు ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు, రెండు రకాల టైర్లు

చలికాలంలో డెన్వర్‌లో దిగి కొండల్లోకి వెళ్దామనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఫోర్‌వీల్ డ్రైవ్ తీసుకుంటే సరిపోతుందా?" ఈసారి మేం రెండు బళ్లలో వెళ్లాం కాబట్టి దీని జవాబు కళ్లారా చూశాను. ఒకటి ఎయిర్‌పోర్టులో అద్దెకు తీసుకున్న ఫోర్‌వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. దానికి ఉన్నవి ఏడాది పొడవునా వాడే మామూలు ఆల్‌సీజన్ టైర్లు. రెండోది డెన్వర్ పక్కనే ఉండే మా అక్కావాళ్ల టొయోటా ఫోర్‌రన్నర్. దానికి మా బావ ఏటా నవంబరులో నాలుగు చక్రాలకూ బ్లిజాక్ అనే రకం వింటర్ టైర్లు (చలికాలానికే చేసిన టైర్లు) వేయిస్తాడు. ఒకే రోడ్డు, ఒకే మంచు, ఒకదాని వెనక ఒకటి. అద్దె బండి నేను నడిపాను.

బండి సంగతితోనే మొదలుపెడతాను. అద్దె కంపెనీ కౌంటర్లో వింటర్ టైర్లున్న బండి కావాలని అడిగాను. ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ఇవ్వగలం గానీ టైర్ల గురించి మాట ఇవ్వలేం అన్నారు. ఎయిర్‌పోర్టు అద్దె కంపెనీల్లో చాలాచోట్ల ఇదే జవాబు వస్తుంది. అందుకని యార్డులో తాళం చేతికొచ్చాక సామాను ఎక్కించే ముందు టైరు పక్కగోడ చదవండి. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉంటే ఆ టైరు మంచు మీద కనీస పరీక్ష నెగ్గినట్టు. వట్టి 'ఎమ్ ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే అది గాళ్ల ఆకారాన్ని బట్టి వేసుకున్న ముద్ర మాత్రమే. దాని వెనక మంచు పరీక్ష ఏదీ లేదు. ఆ కొండ బొమ్మ పరీక్ష కూడా గట్టిపడిన మంచు మీద బండి ఎంత పట్టుతో కదులుతుందో చూస్తుంది గానీ, బ్రేకుకు ఎంత దూరంలో ఆగుతుందో చూడదు. కాబట్టి ఆ బొమ్మ ఉన్న ఆల్‌వెదర్ టైరూ, అచ్చమైన వింటర్ టైరూ ఒకటే అనుకోకూడదు.

రూలు కూడా తెలిసి ఉండాలి. ఐ-70 హైవే మీద మారిసన్ నుంచి డొట్సెరో వరకు ఏటా సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా 'ట్రాక్షన్ లా', అంటే బండికి రోడ్డు మీద పట్టు ఇచ్చే టైర్లుండాలనే చట్టం, అమల్లో ఉంటుంది. ఫోర్‌వీల్ లేదా ఆల్‌వీల్ డ్రైవ్ బండికి టైరు గాడి లోతు 3/16 అంగుళం, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉంటే చాలు. టూవీల్ డ్రైవ్ బండికైతే రూలు ఇంకా గట్టిగా ఉంటుంది. సరైన టైర్లు లేని బండి అడ్డం తిరిగి రోడ్డు ఆగిపోతే జరిమానా 650 డాలర్లు దాటుతుంది. గాడి లోతు కొలిచే చిన్న గేజ్ ఏ ఆటో పార్ట్స్ షాపులో అయినా కొద్ది డాలర్లకే దొరుకుతుంది. మా అద్దె బండి కొలతలో నెగ్గింది. చట్టం ప్రకారం ఏ లోటూ లేదు.

డెన్వర్ నుంచి ఐడహో స్ప్రింగ్స్, జార్జ్‌టౌన్ దాటేవరకు రోడ్డు పొడిగానే ఉంది. ఇక్కడ బావ ఫోర్‌రన్నర్‌కు ఒక చిక్కు ఉంది. అది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. పొడి రోడ్డు మీద ఫోర్‌వీల్ పెట్టి మలుపులు తిప్పితే ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్ల మీద భారం పడుతుంది. అందుకని పొడి చోట టూవీల్‌కు మార్చుకుంటూ, మంచు రాగానే మళ్లీ ఫోర్‌వీల్ వేసుకుంటూ నడిపాడు. మా అద్దె బండి ఆ పని తనంతట తనే చూసుకుంది. ఈ ఒక్క విషయంలో అద్దె బండికే నా ఓటు.

ఐజన్‌హవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తులో ఉంది. ఇవతల ఎండ కాస్తుంటే అవతల మంచు కురవడం అక్కడ మామూలే. నీళ్లను అట్లాంటిక్ వైపూ పసిఫిక్ వైపూ విడదీసే గట్టు కిందుగా ఆ సొరంగం సాగుతుంది. మేం వెళ్లింది మాత్రం సొరంగం గుండా కాదు, దాని నెత్తిన ఉన్న లవ్‌లాండ్ పాస్ మీదుగా. యూఎస్-6 రోడ్డు అది, 11,990 అడుగులు. పెట్రోలు ట్యాంకర్ల వంటివాటిని సొరంగంలోకి రానివ్వరు కాబట్టి అవీ ఈ రోడ్డే ఎక్కుతాయి. చాలాచోట్ల పక్కన రెయిలింగు లేదు. కొండ మీంచి మంచు చరియలు విరిగిపడతాయనే భయంతో తరచుగా మూసేస్తారు కూడా. 511కి ఫోన్ చేసినా, సీఓట్రిప్ వెబ్‌సైట్ చూసినా తెరిచి ఉందో లేదో తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు రెండు బళ్లకూ తేడా కనపడలేదు. తొక్కి గట్టిపడిన మంచు మీద అద్దె బండి జారకుండా, చకచకా ఎక్కింది. వెనక సీట్లో మా ఆయన "చూశావా, అనవసరంగా భయపడ్డావు" అన్నాడు. పైన ఆగి ఫొటోలు తీసుకుంటున్నప్పుడు బావ నా దగ్గరికొచ్చి, "ఎక్కడం ఇంజను పనమ్మా, దిగడం టైరు పని. నాకు బాగా ఎడం ఉంచి రా, రెండో గేర్లో పెట్టుకో" అన్నాడు.

కీస్టోన్ వైపు దిగుడులో మొదటి పెద్ద మలుపుకే ఆ మాట అర్థమైంది. వేగం గంటకు 20 మైళ్లు కూడా లేదు. బ్రేకు మీద మెత్తగా కాలు పెట్టగానే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గడగడలాడింది. పెడల్ కింద పాదం అదురుతోంది, బండి మాత్రం తాపీగా ముందుకే పోతోంది. నా ముందు బావ బండి అదే చోట, అదే వేగంతో వెళ్లి, మలుపు ముందు నెమ్మదించి ఒద్దికగా తిరిగింది. ఎడం బాగా ఉంచాను కాబట్టి నాకూ సమయం దొరికింది. ఆ తర్వాత కింది దాకా ఇంజను బ్రేకింగ్ మీదే, అంటే తక్కువ గేర్లో ఇంజనే బండిని నెమ్మదింపజేయడం మీదే ఆధారపడి, మలుపులన్నీ నడక వేగంతో దిగాను.

ఫోర్‌వీల్ డ్రైవ్ చేసేది ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంచడం. కదలడానికి, ఎక్కడానికి, కూరుకుపోయినప్పుడు బయటపడడానికి అది గొప్ప సాయం. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపడంలో, తిప్పడంలో ఫోర్‌వీల్ డ్రైవ్ అదనంగా ఇచ్చే పట్టు ఏమీ లేదు. పైగా ఎస్‌యూవీ బరువెక్కువ. అక్కడ పనిచేసేది రబ్బరొక్కటే. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గేకొద్దీ మామూలు రబ్బరు బిగుసుకుంటుంది. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దాని దిమ్మెల నిండా సన్నని చీలికలుంటాయి. అవి మంచును కరిచి పట్టుకుంటాయి, ఐసు మీది నీటి పొరను పక్కకు తీస్తాయి. సాయంత్రం ఎండ పోయాక ఆ రెండు టైర్లనూ వేలితో నొక్కి చూశాను. ఆ తేడా చేతికి కూడా తెలిసింది.

బస ఫ్రిస్కోలో. సమ్మిట్ కౌంటీలో చలికాలం కుటుంబంతో ఉండాలంటే నా మటుకు నాకు ఇదే మంచి ఊరు. బ్రెకెన్‌రిడ్జ్ అందమైనది, మెయిన్ స్ట్రీట్ దీపాల్లో కళకళలాడుతుంది, గొండోలా ఉచితం. కానీ కొండవాలు మీద కట్టిన కాండోలు (అపార్ట్‌మెంట్లు) చాలా. ఉత్తరం వైపు నీడలో ఉండే నిటారు డ్రైవ్‌వేల మీద ఐసు రోజుల తరబడి కరగదు. అలాంటి కాండో ఒకటి చూసి వద్దనుకున్నాం. బస బుక్ చేసే ముందు పార్కింగ్ లోపలా బయటా, డ్రైవ్‌వే వాలు ఎంత, మంచు ఎవరు తీస్తారు అని అడగండి. ఫ్రిస్కోలో మేం దిగిన చోట పార్కింగ్ చదునుగా ఉంది, పొద్దున ఆరింటికల్లా మంచు తోసేశారు. సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం కాబట్టి బ్రెకెన్‌రిడ్జ్‌కు బండి తీయకుండానే వెళ్లొచ్చాం.

ఫ్రిస్కో 9,000 అడుగుల పైనే ఉంది. మొదటి రాత్రి అమ్మకు తలనొప్పి, పిల్లలకు నిద్ర పట్టలేదు. వీలైతే ఒక రాత్రి డెన్వర్‌లో ఆగి ఎక్కితే మంచిది. నీళ్లు బాగా తాగాలి. వంట చేసుకునేవాళ్లకు ఒక మాట: అక్కడ నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు రైస్ కుక్కర్లో అన్నం పలుకుగా మిగిలిపోయింది, పప్పు అసలు ఉడకనే లేదు. అక్క ప్రెషర్ కుక్కర్ తెచ్చింది కాబట్టి బతికిపోయాం.

ఫ్రిస్కో నుంచి పడమరగా వెయిల్ పాస్ దాటి గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌కు వెళ్లాం. వెయిల్‌లో ఆగలేదు, పార్కింగ్ ధరే మమ్మల్ని ముందుకు తోసింది. గ్లెన్‌వుడ్ వేడినీటి కొలను మాత్రం తప్పక చూడాల్సినది. చుట్టూ మంచు, మధ్యలో ఆవిర్లు కక్కే నీళ్లు. అమ్మ అందులోంచి లేవనంది. కొలరాడో నది పక్కన లోయలో వేసిన రోడ్డూ చూడదగ్గదే. ఆస్పెన్‌కు ఇండిపెండెన్స్ పాస్ మీదుగా దగ్గర దారి అని మ్యాపులో చూసి ఆశపడకండి, అది చలికాలమంతా మూసే ఉంటుంది. గ్లెన్‌వుడ్ వైపు నుంచే వెళ్లాలి.

టైర్ల ఖర్చు గురించి బావను అడిగాను. బిగింపుతో కలిపి వెయ్యి డాలర్ల దగ్గర పడిందట. రెండో జత రిమ్ములు కొనుక్కోవడం వల్ల ఇప్పుడు మార్చడం సులువు. ఏప్రిల్‌లో తీసేస్తాడు, ఎందుకంటే ఎండాకాలం వేడి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది. ఫోర్‌వీల్ బండే కదా అని రెండే వేయించుకుంటామంటే కుదరదు. ముందు రెండింటికే పట్టుంటే దిగుడు మలుపులో వెనక భాగం కొట్టుకుపోతుంది. వెనక రెండింటికే ఉంటే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. గాలి కూడా చూసుకోవాలి. ఫారన్‌హీట్‌లో 10 డిగ్రీలు చల్లబడితే టైర్లో గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ (ఆ ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు తగ్గుతుంది. డెన్వర్ ఎండలో నింపిన గాలి ఫ్రిస్కో తెల్లవారుజామున చాల్లేదని డాష్‌బోర్డులో దీపం వెలిగింది.

ఈసారి వెళ్తే సొంత బళ్లను నేరుగా అద్దెకిచ్చేవాళ్ల దగ్గర, వింటర్ టైర్ల ఫొటో పెట్టిన బండే తీసుకుంటాను. బీమా షరతులు చదువుకోవాలి, చార్జీ కాస్త ఎక్కువ, అయినా సరే. మంచులో నడపడం అలవాటు లేనివాళ్లకు నా సలహా బస్టాంగ్ బస్సు. రాష్ట్ర రవాణా శాఖ నడిపే ఈ బస్సు డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి ఫ్రిస్కో, వెయిల్, గ్లెన్‌వుడ్ మీదుగా పోతుంది. నడిపి తీరాలనుకుంటే తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకండి. స్కీయింగ్‌కు వచ్చినవాళ్లందరూ ఒకేసారి డెన్వర్ వైపు బయల్దేరుతారు, సొరంగం ముందు గంటల తరబడి నిలబడాలి. మేం సోమవారం పొద్దున బయల్దేరాం, అప్పటికి రోడ్డు ఖాళీగా, ఉప్పు చల్లి శుభ్రంగా ఉంది.