లాంగ్‌రన్‌కి అరటా, పుచ్చా, దానిమ్మా: ఏది మేలు?

ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర బయల్దేరి రుషికొండ దాకా వెళ్లొస్తే దాదాపు ఇరవై కిలోమీటర్లు. విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు త్వరగా చల్లబడదు. తిరిగొచ్చేసరికి కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉన్న చక్కెర) బాగా తరిగిపోతుంది, నీరూ ఉప్పూ పోతాయి, దెబ్బతిన్న కండరపు పోగుల దగ్గర ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మొదలవుతుంది. ఏ పండు మేలో తేల్చాలంటే, ఈ మూడింటిలో దేనికోసం తింటున్నామో ముందు చూసుకోవాలి.

ఒక్క పండే ఎంచుకోమంటే అరటిపండే. అందులోని పొటాషియం వల్ల కాదు, చక్కెర వల్ల. గ్లైకోజెన్ తరిగేకొద్దీ పనిచేస్తున్న కండరం ఇన్‌ఫ్లమేషన్‌తో ముడిపడిన ఐఎల్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా పెరుగుతుంది. దారిలోనే చక్కెర అందితే ఈ పెరుగుదల తగ్గుతుంది. అమెరికాలోని అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ నీమన్ బృందం 75 కిలోమీటర్ల సైక్లింగ్‌లో దీన్ని కొలిచింది. 2012 ప్రయోగంలో అరటిపండు, 6 శాతం చక్కెర ఉన్న స్పోర్ట్స్ డ్రింకుతో సమానంగా నిలిచింది. 2018లో వట్టి నీళ్లతో పోల్చినప్పుడు రెండూ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించాయి. అరటి తిన్నవాళ్ల రక్తకణాల్లో కాక్స్-2 జన్యువు చురుకుదనం కూడా తగ్గింది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అడ్డుకునేది ఆ జన్యువు తయారుచేయించే ఎంజైమునే. ఆ మాత్ర వేసుకుని పరిగెత్తేవాళ్లున్నారు. దయచేసి మానండి, నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

ఎంత తినాలి? 2012 ప్రయోగంలో పావుగంటకోసారి, కిలో శరీర బరువుకి 0.2 గ్రాముల పిండిపదార్థం ఇచ్చారు. అంటే 60 కిలోల మనిషికి గంటకి 48 గ్రాములు. వంద గ్రాముల అరటి గుజ్జులో సుమారు 22 గ్రాములుంటాయి కాబట్టి గంటకి 220 గ్రాముల గుజ్జు కావాలి. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి ఒక్కోటీ ఒక్కో సైజు. అందుకని ఒకసారి ఒలిచి తూకం వేసుకుంటే మీ లెక్క మీకు తేలిపోతుంది. ఇక్కడే పొరపాటు జరిగేది: గంటకి సరిపడా ఒక్కసారే తినేస్తే పొట్ట ఉబ్బుతుంది. ఆ సైక్లిస్టులకే కడుపు నిండుగా, ఉబ్బరంగా అనిపించింది, పరుగులో కుదుపు ఇంకా ఎక్కువ. పరిగెత్తేవాళ్లు ఇందులో సగంతో మొదలుపెట్టి, సగం పండు చొప్పున నీళ్లతో తీసుకుంటే మేలు. తొక్క మీద మచ్చలు పడ్డ పండే తేవాలి. సరిగ్గా పండనిదాంట్లో పిండి ఇంకా చక్కెరగా మారి ఉండదు. అరటిలో ఉప్పు లేనట్టే లెక్క, దాన్ని వేరే చూసుకోవాలి.

పుచ్చకాయ సంగతి వేరు. అందులో 90 శాతానికి పైగా నీరే, వంద గ్రాములకి పిండిపదార్థం ఏడెనిమిది గ్రాములే. నీమన్ బృందం పుచ్చ గుజ్జునీ పరీక్షించింది: రక్తంలో సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం పెరిగింది, ఇన్‌ఫ్లమేషన్‌లో మాత్రం స్పోర్ట్స్ డ్రింకుతో పోలిస్తే తేడా రాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పరుగయ్యాక దాహానికి ఉప్పు చల్లుకుని తినడానికి ఇంతకన్నా మంచిది లేదు. పరుగు మధ్యలో మాత్రం వద్దు. ఇందులో గ్లూకోజ్‌ కన్నా ఫ్రక్టోజ్ ఎక్కువ, కొందరికి కడుపు మెలిపెడుతుంది.

దానిమ్మ, నేరేడు లాంటి ముదురు రంగు పళ్లు ఆ పూట తింటే ఆ పూటే పనిచేసేవి కావు. 2010లో ప్రచురించిన లండన్ మారథాన్ అధ్యయనంలో పుల్ల చెర్రీ రసం తాగిన రన్నర్లకి ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది, కండరబలం త్వరగా తిరిగొచ్చింది. కానీ వాళ్లు పరుగుకి ఐదురోజుల ముందే మొదలుపెట్టి, తర్వాత రెండురోజుల దాకా తాగారు. ఆ ఫలితం చెర్రీది, యథాతథంగా మన పళ్లకి అంటగట్టకూడదు. ఆ చెర్రీలోని ఆంథోసయనిన్ రంగులు నేరేడులోనూ, దానిమ్మలోనూ ఉన్నాయి గానీ, చలికాలపు మారథాన్లకి నేరేళ్లు దొరకవు. అప్పుడు రైతుబజార్లో దానిమ్మే దిక్కు. రోజుకో కాయ, గింజలతో సహా, ముందు వారమంతా.

ఇంత శ్రమ ఎందుకు, విటమిన్ సి మాత్ర చాలదా అనుకోవద్దు. రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ వేసుకుంటూ శిక్షణ చేసినవాళ్ల కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎదుగుదల సూచికలు మందగించాయని 2014లో ఒక నార్వే బృందం చూపింది. శిక్షణ వల్ల వచ్చే ఆ కొద్దిపాటి ఒత్తిడే కండరానికి పాఠం. వంద గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, రోజుకి అది చాలు. జామ పరుగుకి ముందు తినకండి, గింజలూ పీచూ దారిలో ఇబ్బంది పెడతాయి.

మర్నాడే మళ్లీ పెద్ద పరుగుంటే మొదటి నాలుగు గంటలూ గంటకి కిలో శరీర బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం పడాలి. 60 కిలోలకి 60 గ్రాములన్నమాట: అరటి అయితే 270 గ్రాములు, పుచ్చ అయితే ముప్పావు కిలో పైమాటే. ఆ రెండోది ఎవరూ తినలేరు, కాబట్టి అరటీ ఇడ్లీ కలపండి. మర్నాడు విశ్రాంతి అయితే ఈ లెక్కే అక్కర్లేదు, మామూలు భోజనం చాలు. పరుగులో తగ్గిన ప్రతి కిలో బరువుకీ లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నీళ్లు, ఉప్పు మజ్జిగ మెల్లగా తాగాలి. ప్రొటీన్ 20 గ్రాములు కావాలి, ఏ పండులోనూ అంత ఉండదు. పళ్లముక్కల గిన్నెతో సరిపెట్టి టిఫిన్ మానేస్తే కండరం కోలుకోవడం వెనకబడుతుంది. మూడు గుడ్లు తినండి, తినకపోతే పెసరట్టు మీద పెరుగు గట్టిగా వేసుకోండి.