డ్రైవ్‌వేకి కొత్త తారు: పని బాగుంది, తూకం తగ్గింది

అమెరికాలో, సెంట్రల్ న్యూజెర్సీలో మా ఇల్లు. డ్రైవ్‌వే, అంటే వీధి నుంచి గరాజ్ దాకా కారు వచ్చే దారి, 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. పాత తారు నెర్రెలు విచ్చింది. మొత్తం పెళ్ళగించి కొత్తగా వేయించాలంటే బోలెడు ఖర్చని, ఉన్నదాని మీదే ఇంకో పొర వేయించాం. రెండు అంగుళాల మందానికి 3,600 డాలర్లకి బేరం కుదిరింది. కంపెనీ పేరు రాయడం లేదు. నా లెక్కలో అయిదుకి మూడున్నర స్టార్లు.

కొత్త తారు ఎవరు వేసినా మొదటిరోజు నిగనిగలాడుతుంది. అది చూసి మార్కులు వేస్తే అందరూ ఫస్ట్ క్లాసే. ఆ సమయానికి నాన్న తెనాలి నుంచి వచ్చి ఉండటం మాకు కలిసొచ్చింది. ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళి అక్కడ నిలబడ్డారు. పనివాళ్ళది స్పానిష్, ఈయనది తెలుగు. మధ్యాహ్నానికల్లా సైగలతోనే లెవెల్ సరిచూసుకుంటున్నారు.

ముందు మంచి చెప్తాను. వీధి వైపు చివర తారు మొసలి చర్మంలా పగిలి ఉండేది. అలా పగిలిందంటే కింద కంకరే కుంగిందన్నమాట. దాని మీద ఎంత మంచి సరుకు పోసినా కొన్ని చలికాలాలకే అవే పగుళ్ళు పైకి తేలతాయి. వీళ్ళు ఆ ముక్కని రంపంతో కోసి, తవ్వి, కొత్త కంకర పోసి దిమ్మిస కొట్టారు. గరాజ్ గుమ్మం దగ్గరా, ఫుట్‌పాత్ దగ్గరా పాత తారుని అంచు వెంట చెక్కి పల్లం చేశాకే కొత్తది పరిచారు. చెక్కకపోతే కొత్త పొర గరాజ్ ఫ్లోర్ కంటే ఎత్తయి వాననీళ్ళు లోపలికి నడుస్తాయి. తర్వాత దుమ్మంతా బ్లోయర్‌తో ఊది టాక్ కోట్ (పాత పొరకి కొత్తది అతుక్కోవడానికి కొట్టే పల్చటి తారు పూత) కొట్టారు. కొట్టగానే అది గోధుమ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడేదాకా వీళ్ళు తారు దించకుండా ఆగారు. "మా కాంట్రాక్టర్లకి ఇంత ఓపిక ఎక్కడిదే అమ్మాయ్" అని నాన్న తెగ మెచ్చుకున్నారు.

మెచ్చుకుంటూనే, "ఆ లారీ కాటా చీటీ ఒక కాపీ అడుగు" అన్నారు. ఇదే అసలు సంగతి. మందం ఎంత పడిందో పైనుంచి చూస్తే తెలియదు. అంచు దగ్గర స్కేలు పెడితే సరిపోదు, అంచున ఒకలా, నడిమధ్య ఒకలా ఉండొచ్చు. బరువు మాత్రం దాగదు. రోలర్ తొక్కాక రెండు అంగుళాల మందం ఉన్న తారు చదరపు అడుగుకి సుమారు 24 పౌండ్లు తూగుతుంది. మాది 800 చదరపు అడుగులు కాబట్టి 19,200 పౌండ్లు, అంటే ఇక్కడి టన్నుల్లో (2,000 పౌండ్లు ఒక టన్ను) 9.6. చీటీలో ఉన్నది 8.1. అందులోంచే తవ్విన చోటా నింపారు. అంటే సగటున అంగుళంన్నర దాటిందేమో గానీ రెండు మాత్రం పడలేదు.

కాంట్రాక్టర్‌ని అడిగితే, "ఇంటి ముందు కార్లు తిరగడానికి ఒకటిన్నర చాలండీ" అన్నాడు. చాలొచ్చు. మేం ఒప్పుకున్నది రెండుకి. అదృష్టం కొద్దీ కాగితంలో "రోలర్ తొక్కాక" అన్న మాట కూడా రాయించాను. ఉత్తినే రెండు అంగుళాలని రాస్తే, వదులుగా పరిచినప్పుడు రెండు ఉందంటారు, తొక్కాక అది ఒకటిన్నరకి దిగుతుంది. ఆఖరి వాయిదా డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి పెద్ద గొడవ లేకుండా 400 డాలర్లు తగ్గించాడు.

మర్నాడు తారు చల్లారాక గొట్టంతో నీళ్ళు కొట్టి చూశాం. వాలు వీధి వైపే ఉంది, నీళ్ళు చక్కగా జారాయి. కానీ గరాజ్‌కి ఎడమవైపు ఒకచోట గంటయినా నీళ్ళు కదలలేదు. స్కేలు పెడితే పావు అంగుళం పైనే లోతు. జెర్సీ చలిలో అది గడ్డకడితే కాలు జారేది అక్కడే. ఫోటో పంపాను. వారంలో వచ్చి ఇన్‌ఫ్రారెడ్ హీటర్‌తో అక్కడి తారు మెత్తబరిచి, కొత్త సరుకు కలిపి తొక్కి వెళ్ళారు. అతుకు కనిపిస్తోంది, నీళ్ళు మాత్రం నిలవడం లేదు.

నచ్చనిది ఇంకొకటి. పచ్చిక వైపు అంచుని ఏటవాలుగా దిమ్మిస కొట్టాల్సింది, ఒక పక్క కొట్టారు, రెండో పక్క వదిలేశారు. బూటుతో నొక్కితే పలుకులు రాలుతున్నాయి. అది సరిచేయకుండానే "వచ్చే వారం 250 డాలర్లకి సీల్ కోట్ (తారు పైన రక్షణగా వేసే పూత) కూడా వేసేస్తాం" అని కాంట్రాక్టర్ బేరం పెట్టాడు! వద్దన్నాం. కొత్త తారులోని నూనెలు ఆరి గట్టిపడాలి, కనీసం ఆరు నెలలైనా ఆగాలి. ఎండాకాలంలో వేయించుకున్నవాళ్ళు ఆపిన కారులో కూర్చుని స్టీరింగ్ తిప్పకండి, టైర్ల కింద తారు మెలికపడుతుంది.

మా ప్రాంతం వాళ్ళు కొటేషన్ తీసుకునేటప్పుడు రాష్ట్ర రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి. న్యూజెర్సీలో అది 13వీహెచ్‌తో మొదలవుతుంది. "పక్క వీధిలో పని చేశాం, తారు మిగిలింది, చవగ్గా వేసేస్తాం" అని తలుపు కొట్టేవాళ్ళని గుమ్మం దగ్గరే పంపించేయండి.

వీళ్ళని మళ్ళీ పిలుస్తానా అంటే, పిలుస్తాను. ఈసారి అంగుళాల పక్కనే టన్నులు కూడా రాయించుకుంటాను. అంచు పని ఇంకా బాకీ ఉంది. చలి ముదిరితే ఇక్కడ తారు ప్లాంట్లు మూసేస్తారు, ఆలోపు వస్తామన్నారు.