గేబియన్ బాక్సులు: చెరువు కట్ట రిపేరులో ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు

2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను తీరం దాటాక నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కుండపోత కురిసింది. అప్పట్నుంచి కట్టల రిపేరు మాట వస్తే చాలు, ‘జాలీ పెట్టెలు వేసేద్దాం’ అంటున్నారు. ఇనుప జాలీలో రాళ్లు నింపి పేర్చే ఈ గేబియన్లు మంచి సరుకే. మేం 5కి 4 మార్కులిస్తాం. అమ్మేవాళ్లు గండి పూడ్చడానికి కూడా ఇవే చాలంటారు, ఒక మార్కు అందుకే కోశాం.

గండికి ఇవి పనికిరావు. నింపిన పెట్టెలో నూటికి 30-35 వంతులు సందులే, నీళ్లు ఆగవు. గండిని మట్టితోనే మూయాలి. తెగిన అంచులు నిట్టనిలువుగా వదిలేస్తే కొత్త మట్టి పాతదాన్ని పట్టుకోదు, ఆ అతుకు వెంటే మళ్లీ ఊట మొదలవుతుంది. అంచుల్ని మెట్లుగా కోసి, అడుగు బురద తీసి, గట్టి నేల తగిలాక బంకమట్టిని 15-20 సెం.మీ. పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరా రోలర్‌తో తొక్కించాలి. జేసీబీ బకెట్‌తో పైన కొట్టి సరిపెడితే చెరువు నిండగానే కట్ట కుంగుతుంది. పైన మొరం కప్పాలి, లేకుంటే రేగడి ఎండకు నెర్రెలిస్తుంది.

గేబియన్లకు అసలు చోటు అలుగు దిగువన, మత్తడి దూకి నేలను తవ్వే దగ్గర. ఆ తర్వాత కట్ట లోపలి వాలు, అలల కోతకు రాతి పరుపు జారిన జాగా. కింద నేల కొంచెం కుంగినా పెట్టె పగలదు, దానితోపాటే వంగి కూర్చుంటుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. ఐఎస్ 16014 అనే భారత ప్రమాణం ప్రకారం మిషన్ మీద అల్లిన రెండు మెలికల జాలీ ఒక రకం. కంచెల చైన్‌లింక్ జాలీ కత్తిరించి కట్టిన చౌక పెట్టె ఇంకో రకం. కటింగ్ ప్లేయర్‌తో ఒక తీగ తెంపి లాగండి. మెలికల జాలీలో ఆ కన్ను దగ్గరే ఆగుతుంది, చైన్‌లింక్ అయితే వరసంతా ఊడొస్తుంది. 10×12 సెం.మీ. కన్నుకు జాలీ తీగ 2.7 మి.మీ., అంచు తీగ 3.4, కుట్టు తీగ 2.2 ఉండాలి. పీవీసీ పూత ఉంటే దాన్ని గీకేసి, మందం కొలిచే వెర్నియర్‌తో కొలవండి. కుట్టు తీగ బదులు సెంట్రింగ్ పనుల బైండింగ్ వైరు అంటగడుతుంటారు. అది తుప్పుపట్టి తెగితే పెట్టెలు దేనికది జారిపోతాయి.

2×1×1 మీటర్ల పెట్టెకు సుమారు మూడున్నర టన్నుల గ్రానైటు పడుతుంది. 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు వరసకు 10 పెట్టెలు, 35 టన్నుల రాయి. మన దగ్గర రాయికి కరువు లేదు, 15-25 సెం.మీ. సైజు ఏరించడమే పని. కంకర కలిస్తే కన్నుల్లోంచి రాలిపోతుంది. మూడోవంతు నిండగానే ముందు జాలీ నుంచి వెనక జాలీకి అడ్డ తీగలు బిగించాలి, రెండొంతులు నిండాక మళ్లీ. ఇది ఎగ్గొడితే పెట్టె పొట్ట ఉబ్బుతుంది. ముందు వరస రాళ్లు చేత్తోనే పేర్చాలి. రాళ్లు సర్దుకుంటాయి కాబట్టి అంచుకు 3-4 సెం.మీ. పైకి నింపి మూత కుట్టండి.

పని చెడేది ఎక్కువగా కంటికి కనబడని చోట. కింద, వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) వేయకపోతే నీళ్లు రాళ్ల సందుల్లోంచి మట్టిని లాక్కుపోతాయి. పెట్టెలు చెక్కుచెదరవు, వాటి వెనక కట్ట మాత్రం గుల్లవుతుంది. నాన్‌వోవెన్ (నేయకుండా పోగులు ఒత్తి చేసిన) గుడ్డ తీసుకుని, అతుకుల దగ్గర 30 సెం.మీ. ఒకదానిపై ఒకటి పరవండి. పైన చెప్పిన 10 మీటర్ల వరసకు 40 చదరపు మీటర్లు సరిపోతుంది. దిగువ చివరన 30 సెం.మీ. మందం జాలీ పరుపు కూడా కావాలి, పొడవు కోత లోతుకు కనీసం ఒకటిన్నర రెట్లు. నేల తవ్వుకుపోయినప్పుడు అది కిందికి వాలి పునాదిని కాస్తుంది.

సముద్రపు ఒడ్డు సంగతి వేరు. ఉప్పునీరు తీగ పూతను తింటుంది, అలలు రాళ్లను పెట్టెలోనే కదిలించి తీగను అరగదీస్తాయి. అందుకే అక్కడ టన్నుల బరువు రాళ్లు, టెట్రాపాడ్లు (నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు) వేస్తారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కూడా తుపాను అలలకు దెబ్బతింది.

ప్లాను మాత్రం చెరువులో నీళ్లుండగానే మొదలుపెట్టాలి. అలుగు పారేటప్పుడే ఫొటోలు తీసి, నీటిమట్టం పెయింటుతో గుర్తు పెట్టండి. ఊట జాగాలన్నీ చెరువు నీళ్లు చూసుకునే నీరటికి ఎరుకే, వెంట తిప్పుకోండి. ఊట తేటగా వస్తే వేసవి దాకా ఆగొచ్చు. బురదగా వస్తే ఆ రోజే దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల ఇసుక, పైన కంకర పోయాలి. మట్టి ఆగాలి గాని నీళ్లను బిగించకూడదు. పెట్టెలు మడతపెట్టి కట్టలుగా వస్తాయి, ఫిబ్రవరికల్లా తెప్పించి, ఏప్రిల్-మేలో పని చేసి, మృగశిర కార్తెకు ముందే ముగించండి. మొదటిసారి అలుగు పారి తగ్గాక కుట్లన్నీ మళ్లీ చూసుకోవాలి, అందుకు 2.2 తీగ రెండు కిలోలు ఎక్కువ కొని ఊళ్లో దాచుకోండి.